గాడిద నెత్తిన కుండ

బేకరీలో పొయ్యి మేస్త్రీకి ఇంట్లో పలకరించే దిక్కు లేదు. పెళ్లాం లేక కాదండీ, నిక్షేపంలా ఉంది. పైగా మాట్లాడటమే ఆవిడ ఉద్యోగం. బస్‌స్టేషన్‌లో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో మైకులో చెబుతుంది. ఊళ్లో సగం మంది బోర్డులు చదవరు, ఆవిడ గొంతు పట్టుకునే బస్సెక్కుతారు. అంతటి గొంతు, ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పేసరికి మూగబోతుంది.

తప్పెవరిదంటారా? చెప్తాను, తొందరేముంది.

మేస్త్రీ బావమరిది కొత్తింట్లోకి మారి చుట్టాలందరినీ భోజనానికి పిలిచాడు. తిన్నాక అందరూ చాపల మీద చేరగిలబడ్డారు. ఆవిడ బస్‌స్టేషన్ కబుర్లు మొదలుపెట్టింది. ఆవిడ కబుర్లు చెబితే చూడాలి. డ్రైవర్ గొంతు పెడుతుంది, కండక్టర్ గొంతు పెడుతుంది, బ్రేకులు వేసిన చప్పుడు కూడా చేసి చూపిస్తుంది. కాస్త సాగదీస్తుంది, అబద్ధమెందుకు. తెల్లారకముందే లేచి పొయ్యి రాజేసే మనిషి మేస్త్రీ, అతనికి నిద్ర ముంచుకొస్తోంది. "ఇంటికొచ్చినా అనౌన్స్‌మెంట్లేనా? కాసేపు నోరు మూసుకోలేవూ?" అన్నాడు.

చుట్టాలందరూ గొల్లుమన్నారు. ఆవిడా నవ్వింది. నవ్వి, చెప్పే కబురు సగంలో ఆపేసింది. ఆ కాసేపు ఇంకా అవలేదు.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా? పోనీ మర్నాడే "పొరపాటైంది" అని ఒక్క ముక్క అని ఉంటే పోయేది. అనలేదు మహానుభావుడు. నవ్వులాటకి అన్న మాట కదా, అందరూ నవ్వారు కదా, ఆ మాటకొస్తే ఆవిడా నవ్విందిగా అని అతని వాదన. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఆవిడేమో మొండితనంలో రెండాకులు ఎక్కువే చదివింది. నోరు మూసుకోమన్నావు కదా, మూసుకున్నాను, తెరిపించే పూచీ నీది అని కూర్చుంది.

డ్యూటీలు కూడా వాళ్ల పంతానికి సరిగ్గా కుదిరాయి. మేస్త్రీ చీకటితోనే వెళ్లి మధ్యాహ్నానికి ఇల్లు చేరతాడు. అతనొచ్చేసరికి ఆవిడ వెళ్లిపోయి ఉంటుంది. ఆవిడొచ్చేసరికి ఇతను గోడవైపు తిరిగి పడుకుని ఉంటాడు. పిల్లల్లేరు. ఉంటే, "మీ నాన్నని తినమను" అని చెప్పించడానికైనా పనికొచ్చేవాళ్లు. ఎప్పుడైనా ఎదురుపడి తప్పనిసరిగా ఏదైనా చెప్పాల్సొస్తే ఆవిడ పొయ్యితో చెప్పేది, "గ్యాస్ అయిపోవస్తోంది" అని. ఇతను బకెట్‌తో చెప్పేవాడు, "రేపు నీళ్లు రావట" అని. ఆ ఇంట్లో బకెట్‌కి తెలియని సంగతి లేదు.

మధ్యాహ్నం మేస్త్రీ తాళం తీసుకుని లోపలికొస్తే ఇల్లు ఎంత బావురుమనేదో చెప్పలేను. దండెం మీద ఆవిడ తువ్వాలు ఇంకా తడిగానే ఉండేది. పళ్లెం మీద పళ్లెం బోర్లించి వంట పెట్టి ఉండేది. వండటం మాత్రం మానలేదు, ఆ విషయంలో ఆవిడ్ని అనడానికి లేదు. చెవుల్లో పిండి దులుపుకుని, కాళ్లు కడుక్కుని, ఒక్కడే తినేవాడు. తింటూ తింటూ ఎదుటి కుర్చీ వంక చూసేవాడు. అతనికి ఆవిడ మాటలు కావాలి. సాగదీసినా సరే, కావాలి. అదీ అసలు సంగతి. కానీ కావాలని నోరు విప్పి అడిగితే పరువు తక్కువ కదా!

అలా ఉండగా, టీవీ కింద దుమ్ము పట్టి పడున్న ఆటపెట్టె కళ్లబడింది. బావమరిది కొత్తది కొనుక్కుని పాతది అక్కా బావలకిచ్చాడు, గొడవకి ముందు సంగతి. అందులో ఆట పేరు 'గరిటె వీరుడు'. రాజుగారి వంటశాలలోంచి గెంటేసిన వంటవాడొకడు కత్తికి బదులు గరిటె పట్టుకుని లోకం మీద పడతాడు. రాజుగారి బంగారు మీసాన్ని మంత్రగాడెవడో ఎత్తుకుపోయాడు, అది తెచ్చివ్వాలి. దారిలో గుమ్మడికాయ రాక్షసులు, తుమ్మితే తప్ప నిప్పు రాని డ్రాగన్, జీతాలు పెంచమని గేటు దగ్గర ధర్నా చేసే అస్థిపంజరాలు. వీరుడి వెంట ఒక గాడిద. అది నడిచినంతసేపూ సణుగుతుంది. "ఇటువైపు వద్దన్నానా? నా మాట ఎవడు విన్నాడు గనక" అని.

పెట్టె ఇచ్చిన రోజు మొగుడూ పెళ్లాలిద్దరికీ సెలవు. అతను వీరుడు, ఆవిడ గాడిద. కాసేపటికి ఆవిడ రాక్షసుల్ని గాలికొదిలేసి, ఎవరిదో పెరట్లో మట్టికుండ దొరికితే గాడిద నెత్తిన బోర్లించింది. గాడిద కుండలోంచి సణుగుతుంటే ఆవిడ వెక్కిళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ తర్వాత ఎవరి పనులు వాళ్లవి, మళ్లీ ఇద్దరూ కలిసి ఆడింది లేదు.

ఇప్పుడు తోచక మేస్త్రీ ఒక్కడే మొదలుపెట్టాడు. రొట్టెల పెనాలు తోసి తోసి కాయలు కాసిన బొటనవేళ్లు ఆ చిన్న బొత్తాల మీద సరిగ్గా ఆనేవి కావు. గుమ్మడికాయ రాక్షసుడి చేతిలో ఎన్నిసార్లు చచ్చాడో. చచ్చినప్పుడల్లా గాడిద, "చెప్తే విన్నావా?" అనేది. ఆ ఖాళీ ఇంట్లో ఆ మాత్రం మాట వినబడటమే అతనికి హాయిగా ఉండేది.

అలా కిందా మీదా పడి ఆటలో ఒక ఇల్లు కొన్నాడు. మంచం, మూకుడు, పొయ్యి మీద పెద్ద కూరగిన్నె, గాడిదకి వసారా. ఇల్లమ్మిన ముసలమ్మ తాళంచెవి చేతిలో పెట్టి, "నాయనా, ఈ ఇంటి సంగతి నీకు చెప్పాలి, నేను కాపురానికొచ్చిన కొత్తలో..." అని ఎత్తుకుంది. ఎవరైనా అలా కాపురానికొచ్చిన కాణ్నుంచీ ఎత్తుకుంటే మేస్త్రీకి ఒళ్లు మంట. బొత్తాం నొక్కాడు. ముసలమ్మ రెండో మాట అందుకుంది. మళ్లీ నొక్కాడు. ఆవిడ చెప్పేదంతా అయిపోయేదాకా నొక్కి పారేసి, ఇంట్లోకి పోయి మంచం మీద పడుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆట పెట్టాడు. వసారాలో గాడిద నెత్తిన కుండ ఉంది.

మేస్త్రీ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. నిన్న తను పెట్టలేదు. పెట్టిందెవరు? ఇంట్లో ఉండేది ఇద్దరే. పొద్దున్నంతా ఇంట్లో ఉండేది ఆవిడే. గాడిద నెత్తిన కుండ పెట్టే బుద్ధి లోకంలో ఇంకెవరికి పుడుతుంది? కంట్రోలర్ పెట్టినచోటే ఉందా, జరిగిందా అని గుర్తు తెచ్చుకోబోయాడు. గుర్తు రాలేదు. జరిగే ఉంటుందనుకున్నాడు. మనసుకి కావాల్సిన సాక్ష్యం మనసే పుట్టించుకుంటుంది లెండి. లేచి నీళ్లు తాగొచ్చాడు.

ఆ సాయంత్రం ఆవిడొచ్చేదాకా నిద్రపోకుండా, కళ్లు మాత్రం మూసుకుని పడుకున్నాడు. ఆవిడొచ్చి, ముఖం కడుక్కుని, దీపం ఆర్పేసి పడుకుంది. ఒక్క మాటన్నది లేదు. 'సరే, ఇదీ నీ పద్ధతి! నోటితో ఓడిపోనంటావు, చేత్తో ఓడిపోతావు' అనుకున్నాడు. అనుకుని చీకట్లో ముసిముసి నవ్వులు నవ్వుకున్నాడు. ముందుగా మెత్తబడింది ఆవిడే కదా అని లోలోపల గర్వం కూడా పడ్డాడు, దాచడమెందుకు.

ఇక అక్కణ్నుంచి చూడాలి అతని సంబరం. ఆటలో సంతకెళ్లి గాడిదకి ఇత్తడి గంట కొని మెడలో కట్టాడు. మర్నాటికి ఆ గంట వీరుడి మంచం కోడుకి కట్టి ఉంది. పక్క మీద దొర్లితే చాలు, గణగణమంటుంది. మేస్త్రీ పగలబడి నవ్వాడు. దానికి జవాబుగా ఆవిడ కోసమని రెండో దిండు కొని, దాని మీద పొద్దుతిరుగుడు పువ్వు పెట్టాడు. మర్నాడు చూస్తే దిండు కింద ముల్లంగి ఉంది, పువ్వు గాడిద నోట్లో ఉంది. ఇంకోరోజు వీరుడి చెప్పులు అటక మీదికెక్కాయి. మరోరోజు గరిటె మాయమై, దాని స్థానంలో చీపురు ఉంది. ఆ పూటంతా చీపురుతోనే అస్థిపంజరాలతో యుద్ధం చేసి, నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు.

"ఏం నాయనా, మధ్యాహ్నాలు ఒక్కడివే అంత నవ్వు? గోడలదురుతున్నాయి" అంది పక్కింటి పిన్నిగారు మెట్ల దగ్గర. గోడ అవతల ఆవిడ మంచం.

"ఏదో ఆటండీ, పిన్నిగారూ."

"నవ్వు నాయనా, నవ్వు. మనిషి సంతోషంగా ఉంటే అదే చాలు" అని ఆవిడ వెళ్లిపోయింది.

బేకరీలో కూడా మనిషి మారాడు. పిండి కలిపేవాడు అడగనే అడిగాడు, "ఏంటి మేస్త్రీ, ఈలలేస్తున్నావు? ఇంట్లో రాజీ కుదిరిందా?" అని. "కుదురుతోంది" అన్నాడు. ఇంట్లో చూస్తే నిజానికి ఏమీ మారలేదు. ఆవిడ చెప్పాల్సినవి ఇంకా పొయ్యితోనే చెబుతోంది. పైగా ముఖం కొంచెం పీక్కుపోయింది. మేస్త్రీ అది చూశాడు కూడా. డ్యూటీ ఎక్కువైందేమో అనుకుని ఊరుకున్నాడు.

చివరికి మంత్రగాణ్ని చితక్కొట్టి రాజుగారి బంగారు మీసం సంపాదించాడు. తీసుకెళ్లి రాజుకిస్తే బిరుదూ, గుర్రమూ ఇస్తారు. కోట గేటు దాకా వెళ్లి ఆగాడు. చాలాసేపు ఆలోచించాడు. తర్వాత గాడిద సణుగుతున్నా వినకుండా వెనక్కి తిప్పి, ఇంటికొచ్చి, మీసాన్ని ఆవిడ దిండు మీద పెట్టాడు. ఒప్పుకున్నాను, తప్పు నాదే అని దాని అర్థం. నోటితో అనలేని మాట అలా అన్నాడు. అనేశాక భయమేసింది. మర్నాడు బేకరీలో ఒక వాయి రొట్టెలు మాడ్చాడు, పన్లో చేరిన కొత్తలో తప్ప ఎప్పుడూ మాడ్చనివాడు.

మధ్యాహ్నం వచ్చి ఆట పెట్టి చూస్తే మీసం కూరగిన్నెలో ఉంది. ఉడుకుతోంది. బుడగలతో పాటు పైకీ కిందికీ తేలుతోంది.

మేస్త్రీ ముందు నవ్వాడు, తర్వాత ఏడ్చాడు, తర్వాత రెండూ కలిపి చేశాడు. అంటే క్షమించేసింది! రాజుగారి మీసాన్ని కూర వండి, ఇద్దరి పంతాన్నీ అందులో ఉడకేసింది! ఇంకేం కావాలి? ఆ సాయంత్రమే బేకరీకి మళ్లీ వెళ్లి యజమాని ముందు నిలబడ్డాడు. "నన్ను మధ్యాహ్నం డ్యూటీకి మార్చండి."

"మధ్యాహ్నం పొయ్యి ఉండదు కదయ్యా. పాకింగే ఉంటుంది."

"పాకింగే చేస్తాను."

"పొయ్యి మేస్త్రీవి! కుర్రకారుతో కూర్చుని కవర్లంటిస్తావా? ఒకసారి పొయ్యి ఇంకొకడికిస్తే మళ్లీ నీకివ్వలేను, ఆలోచించుకో."

"పొద్దున పూట ఇంట్లో ఉండాలండీ" అన్నాడు మేస్త్రీ. అతని ముఖం చూసి యజమాని ఇంకేం అనలేదు. సోమవారం నుంచి రమ్మన్నాడు.

శనివారం మధ్యాహ్నం బావమరిది వచ్చాడు, గోడకి కన్నాలు పెట్టే డ్రిల్లు కావాలని. ఆట నడుస్తుండటం చూసి పక్కన చతికిలబడ్డాడు. "అబ్బో, మంత్రగాణ్ని కొట్టేశావా బావా! మరి మీసమేది? రాజుకిచ్చేశావా?"

"మీ అక్కకిచ్చాను" అన్నాడు మేస్త్రీ గర్వంగా. కూరగిన్నె చూపించాడు. "చూడు ఏం చేసిందో! కుండ, గంట, ముల్లంగి, అన్నీ మీ అక్క పనే. పొద్దున పూట ఆడుతుంది, మధ్యాహ్నం నేను చూస్తాను."

బావమరిది టీవీ వంకా బావ వంకా మార్చి మార్చి చూశాడు. "అక్కా? అక్క ఆడుతోందా?"

"మరి ఇంకెవరు?"

"బావా, అది అటక భూతం కదా" అన్నాడు. "ఇల్లమ్మేటప్పుడు ముసలమ్మ చెప్తుందిగా! అటక మీద ఒక భూతం ఉంది నాయనా, నువ్వు లేనప్పుడు సామాన్లన్నీ తారుమారు చేస్తుంది, కోప్పడకు, దానికీ తోచదు, అని. నా ఆటలో కూడా గాడిదకి కుండ పెట్టింది. అందరికీ పెడుతుంది. మీసం దొరికితే కూరలో వేస్తుంది. నువ్వు ముసలమ్మ మాట వినలేదా?"

మేస్త్రీ కంట్రోలర్ కింద పెట్టాడు. తర్వాత, "తెలుసులేరా. నిన్ను ఆట పట్టిద్దామని అన్నాను" అన్నాడు. బావమరిది నమ్మి నవ్వాడు. డ్రిల్లు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

తలుపేసి మేస్త్రీ వెనక్కి తిరిగాడు. గాడిద సణుగుతోంది. టీవీ కట్టేశాడు. ఇన్నాళ్లూ ఒక్కడే. ఒక్కడే కూర్చుని ఒక్కడే మాట్లాడుకుని, ఒక్కడే నవ్వుకుని, ఒక్కడే క్షమాపణ చెప్పుకుని, ఒక్కడే క్షమించేసుకున్నాడు. అతనికి సిగ్గేసింది. సిగ్గు కన్నా ఎక్కువగా బెంగేసింది, చేతిలో మనిషి ఉన్నట్టే ఉండి లేకుండా పోయినట్టు. పొయ్యి ఎలాగూ పోయింది. సోమవారం పొద్దున ఆవిడ లేచేసరికి ఇతను ఎదురుగా ఉంటాడు. ఉండి ఏం చెబుతాడు? బకెట్‌తోనా చెప్పేది?

చొక్కా వేసుకుని బస్‌స్టేషన్‌కి నడిచాడు.

లోపలికి అడుగు పెట్టకముందే ఆవిడ గొంతు వినిపించింది. స్పీకర్ స్తంభం కింద నిలబడి విన్నాడు. తొందర లేకుండా, ఒక్కో ఊరి పేరూ విడదీసి, ముసలివాళ్లకి కూడా అర్థమయ్యేలా చెబుతోంది. ఎవరెవరికో చెబుతోంది. మూటలవాళ్లకీ, చంటిపిల్లల తల్లులకీ, బస్సు తప్పిపోయినవాళ్లకీ. ఆ గొంతు ఇన్నాళ్ల తర్వాత అంత దగ్గరగా వినేసరికి ఇక ఆగలేక, వెళ్లి ఎంక్వైరీ వరసలో నిలబడ్డాడు.

"ఎక్కడికండీ?" అంది తలెత్తకుండా. ఎత్తాక ఆవిడ ముఖం పాలిపోయింది. "ఏమైంది? ఎవరికైనా ఏమైనా అయిందా?"

"ఎవరికీ ఏం కాలేదు. నీతో మాట్లాడాలి."

వెనకాయన కసిరాడు, "సొంత మాటలు ఇంటి దగ్గర మాట్లాడుకోండయ్యా" అని. పాపం ఆయనకేం తెలుసు! ఆవిడ గడియారం చూసి, "ఆ బెంచీ మీద కూర్చో. టీ టైముకి వస్తాను" అంది.

టీ టైముకి మైకు ఇంకొకరికి అప్పగించి వచ్చింది. బెంచీ ఆ చివర కూర్చుంది. మధ్యలో ఇంకో ఇద్దరు పట్టేంత ఖాళీ. మేస్త్రీ దారంతా ఏవేవో కూడబలుక్కున్నాడు గానీ ఒక్కటే బయటికొచ్చింది. "ఆ రోజు అందరి ముందూ అన్నాను కదా. తప్పు నాదే."

ఆవిడ చాలాసేపు ఎదురుగా ఉన్న బస్సు చక్రాల వంక చూసింది. "ఇప్పుడెందుకు గుర్తొచ్చింది?"

"సోమవారం నుంచి నా డ్యూటీ మధ్యాహ్నానికి మార్పించుకున్నాను. పొద్దున ఇద్దరం ఇంట్లో ఉండొచ్చని."

"పొయ్యి వదిలేశావా?" అంది ఆవిడ అతని వైపు తిరిగి. "అయ్యో, నన్నొక మాట అడగక్కర్లేదా? నేను ట్రాన్స్‌ఫర్ అడిగాను. ఇచ్చేశారు. చాలా దూరపు డిపో. అక్కడ గది కూడా మాట్లాడుకున్నాను. ఒకటో తారీకున వెళ్లాలి."

"ఎప్పుడడిగావు?"

"పక్కింటి పిన్ని చెప్పాక."

"ఏం చెప్పింది?"

"మీ ఆయన రోజూ మధ్యాహ్నం పగలబడి నవ్వుతున్నాడమ్మా, మంచి సంతోషంగా ఉన్నాడు అని. నన్ను సంతోషపెడదామనే చెప్పింది పాపం." ఆవిడ మళ్లీ బస్సు చక్రాల వైపు తిరిగింది. "అప్పుడర్థమైంది నాకు. నేను నోరు మూసుకుంటే నీకు హాయిగా ఉంది. నేను మాట్లాడిన ఇన్నేళ్లలో నువ్వు గోడలదిరేలా ఎప్పుడు నవ్వావు? అలాంటప్పుడు నేనెందుకు అడ్డం అనుకున్నాను."

మేస్త్రీకి ఏడుపొచ్చినంత పనైంది. "నువ్వే నవ్విస్తున్నావనుకున్నానే!" అన్నాడు. బెంచీ మీద మధ్యలోకి జరిగి అంతా చెప్పాడు. కుండ సంగతి, గంట సంగతి, ముల్లంగి, చెప్పులు, చీపురు. మీసం కూరలో ఉడికిన సంగతి చెబుతుంటే ఆవిడ ఆపుకోలేక ఫక్కున నవ్వింది. నవ్వి వెంటనే కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కళ్లు నిండిపోయాయి.

"నీ ఆటలో ఆవిడెవరో చాలా మంచిది" అంది. "అన్ని మాటలనిపించుకుని కూడా ముల్లంగి పెట్టి నవ్విస్తోంది. నేనలాంటిదాన్ని కాదు. నాకు కోపం. ఇప్పటికీ కోపమే. నువ్వెళ్లాక పొద్దున్నే ఆ గదిలో, అదే టీవీ ముందు కూర్చుంటే నాకు ఏడుపొచ్చేది. కూరలు తరుగుతూ ఏడ్చేదాన్ని. మధ్యాహ్నం నువ్వొచ్చి సరిగ్గా అక్కడే కూర్చుని నాతో నవ్వుకున్నావు. నేనక్కడ లేనే లేను కదా."

"నువ్వేడుస్తున్నావని నాకు తెలీదు."

"అడిగితే తెలిసేది."

ఆవిడ టీ తాగకుండానే లేచింది. కిటికీ వెనక్కెళ్లి కూర్చుని, వచ్చే బస్సుని పక్క ప్లాట్‌ఫారం మీదికి పంపించింది. జనం పిల్లల్నీ మూటల్నీ ఎత్తుకుని ఇటు పరిగెత్తారు, మళ్లీ సరిచేసి చెప్పేసరికి తిట్టుకుంటూ అటు పరిగెత్తారు. ఆవిడ సర్వీసులో అలాంటి తప్పు ఎప్పుడూ జరగలేదు. మేస్త్రీ బెంచీ మీదనుంచి లేవలేదు. ఆవిడ డ్యూటీ దిగేదాకా అక్కడే కూర్చుని, ఆవిడతోపాటు ఇంటికి నడిచాడు.

దారి పొడుగునా ఆవిడ తిట్టింది. ఆ రోజు మాటతో మొదలుపెట్టి, పెళ్లైన కొత్తలో అన్న మాటల దాకా వెళ్లింది. ఇల్లొచ్చినా ఆపలేదు. అతను "ఊఁ" కొట్టాడే తప్ప ఒక్కచోట కూడా అడ్డు తగల్లేదు. మర్నాడు మిగిలినవి తిట్టింది. సోమవారం పొద్దున ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. బకెట్‌తో ఎవరూ మాట్లాడలేదు.

ఇంకేం, ట్రాన్స్‌ఫర్ రద్దు చేయించుకుంది, కథ కంచికి అనుకుంటున్నారు కదూ? అలా జరగలేదు. ఆర్డరు ఆర్డరే. ఆవిడ కూడా వద్దని రాసివ్వలేదు. "కొన్నాళ్లు వెళ్లొస్తాను. మనసు ఇంకా కుదుటపడలేదు" అంది. మేస్త్రీ సరేనన్నాడు. ఒకటో తారీకున ఆవిడ పెట్టె మోసుకెళ్లి బస్సెక్కించాడు. ఏ ప్లాట్‌ఫారమో మైకులో ఎవరో కొత్తమ్మాయి చెప్పింది, గబగబా, సగం మింగేస్తూ. ఇద్దరికీ సరిగ్గా వినపడక రెండుసార్లు అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది.

"ఆదివారం ఫోన్ చేస్తాను" అంది కిటికీలోంచి.

మర్నాడు పొద్దున మేస్త్రీకి అలవాటు ప్రకారం చీకటితోనే మెలకువ వచ్చింది. వెళ్లడానికి పొయ్యి లేదు. మధ్యాహ్నం దాకా పాకింగూ లేదు. లేచి ముఖం కడుక్కుని ఆ గదిలో కూర్చున్నాడు. వెలుతురు వచ్చింది. పాలవాడు మెట్లు దిగి వెళ్లిపోయాడు, పక్కింటి పిన్నిగారు గోడవతల దగ్గి ఊరుకుంది, ఆ తర్వాత చప్పుడన్నది లేదు. ఆట పెట్టబుద్ధి కాలేదు. కూరలు ముందేసుకుని తరిగాడు. గడియారం వంక చూస్తే ఇంకా పొద్దెక్కనే లేదు. మధ్యాహ్నాల ఒంటరితనం అతనికి తెలుసు, ఒళ్లు అలిసి ఉంటుంది, తిని పడుకుంటే పోతుంది. పొద్దుటిది అలాంటిది కాదు. రోజంతా ఇంకా ముందే ఉంటుంది. ఆవిడ ఈ గదిలో ఇన్ని పొద్దుటిపూటలు ఎలా గడిపిందో ఆలోచిస్తూ, కత్తి పక్కన పెట్టి, చాలాసేపు అలాగే కూర్చుండిపోయాడు.

ఆదివారం ఫోన్ మోగింది. ఆవిడ "హలో" అనేలోపే అతను మొదలుపెట్టాడు. తను పొద్దున్నే లేచింది, పాలవాడు వెళ్లింది, కూరలు తరిగింది, ఏదీ వదలకుండా, సాగదీసి సాగదీసి చెప్పాడు. ఆవిడ మధ్యలో ఒక్క మాటా అనకుండా వింది.

"నీకూ ఇలాగే ఉండేదా?" అని అడిగాడు చివరికి.

"ఇలాగే ఉండేది" అంది ఆవిడ.